లా రోషెల్‌కి ఎవరెవరు వస్తున్నారు? (ఏప్రిల్ 5, యూరప్ రగ్బీ ఛాంపియన్స్ కప్ రౌండ్ ఆఫ్ 16)

ఎర్ర జెర్సీ | మార్చి 24, 2025

అవే (పరాయి గ్రౌండ్) మ్యాచ్ టిక్కెట్లు రెండు చేతికొచ్చాయి, ఇంక వెనక్కి తగ్గేది లేదు. శనివారం, మార్సెల్ దెఫ్లాండ్ర్ స్టేడియం, ఐర్లండ్ నుంచి మన మన్‌స్టర్, ఎదురుగా ఫ్రాన్స్ జట్టు లా రోషెల్. ఓడితే అక్కడితో ఈ ఏడాది యూరప్ అయిపోయినట్టే. రెండో లెగ్ లేదు, ఏడు పాయింట్ల లోపు ఓడితే ఇచ్చే బోనస్సూ లేదు.

అసలు మనం అంత దూరం ఎందుకు పోవాల్సొచ్చిందో తలుచుకుంటే కడుపు మండుతోంది. డిసెంబరులో కాస్త్ర్‌లో 16-14తో ఓడాం. జనవరిలో నార్తాంప్టన్‌లో 34-32. చెరో రెండు పాయింట్లు, రెండూ కలిపి నాలుగే నాలుగు. ఇంట్లో మాత్రం స్టాడ్ ఫ్రాన్సేని 33-7తో, సారసెన్స్‌ని 17-12తో కొట్టాం. బయట ఆ ఒక్క మ్యాచ్ లాగి ఉంటే బహుశా ఇప్పుడు మన ఇంటి గ్రౌండ్ థామండ్ పార్క్‌లో ఎక్కడ కూర్చోవాలా అని కొట్టుకుంటూ ఉండేవాళ్లం. సర్లే.

రెండు విషయాలు అడగాలి. ఒకటి, ఎవరెవరు వస్తున్నారు, ఏ దారిన? రెండోది, వారం రోజులుగా నన్ను తినేస్తున్నది. అవతల కోచ్ మన పాత ఆటగాడు రోనన్ ఓగారా. ఆయన మైదానంలోకి వచ్చినప్పుడు మనం చప్పట్లు కొట్టాలా, చేతులు కట్టుకుని కూర్చోవాలా?

పదో నంబర్ | మార్చి 24

ఇదేం ప్రశ్న అన్నా. కొట్టాలి. నిలబడి మరీ కొట్టాలి. 2006లో, 2008లో కప్పు తెచ్చిన జట్లలో పదో నంబర్ ఎవరిది? హైనెకెన్ కప్‌లో (ఈ కప్పు పాత పేరు) 1,365 పాయింట్లు ఎవరివి? 2011లో నార్తాంప్టన్ మీద బంతి వదలకుండా వరసగా 41 ఫేజులు (దాడులు) ఆడి, గడియారం ఎప్పుడో ఎర్రగా మారిపోయాక ఆ డ్రాప్ గోల్ కొట్టింది ఎవరు? అది చూసి నేను అరిచిన అరుపుకి మూడు రోజులు గొంతు పెగల్లేదు. ఆయన ఇప్పుడు పసుపు నలుపు కోటు వేసుకుని నిలబడ్డంత మాత్రాన అవన్నీ చెరిగిపోతాయా?

వార్మప్‌లో చప్పట్లు. కిక్‌ఆఫ్ నుంచి 80 నిమిషాలు ఆయన ఎవరో మనకి తెలీదు. అయిపోయాక మళ్లీ చప్పట్లు. అంతే, పెద్ద ఆలోచించాల్సిందేం లేదు.

ఉత్తర టెర్రస్ | మార్చి 24

నేను కొట్టను. గౌరవం లేక కాదు. ఆయనే ఆ చోట కూర్చుంటే కొట్టడు కాబట్టి. ప్రత్యర్థిని కప్ మ్యాచ్ ముందు ముద్దు చెయ్యడం ఆయన ఆడిన రోజుల్లో మనకి నేర్పలేదు. మన ఆటగాళ్లు వార్మప్ చేస్తూ అటు చూస్తే మన జనం వాళ్ల కోచ్‌కి జేజేలు కొడుతూ కనిపించాలా?

మ్యాచ్ అయ్యాక గెలిస్తే కొడతా. ఓడితే బస్సెక్కుతా.

కొత్త బంతి | మార్చి 25

అందరికీ నమస్కారం, ఇక్కడ కొత్త. రగ్బీ చూడటం మొదలుపెట్టి ఏడాది కాలేదు, నన్ను తిట్టకండి. కొన్ని డౌట్లు. 80 నిమిషాలకి స్కోరు సమానమైతే ఏం చేస్తారు? అవే టీమ్‌కి అంత కష్టం ఎందుకు, గ్రౌండ్ కొలతలు అన్నిచోట్లా దాదాపు ఒకటే కదా? ఓగారా మీ మనిషి అయితే అక్కడెందుకు ఉన్నాడు?

లైన్‌అవుట్ అక్క | మార్చి 25

తిట్టం తమ్ముడూ, ఇక్కడ తిట్లన్నీ రిఫరీకే.

సమానమైతే ఎక్స్‌ట్రా టైం, పదేసి నిమిషాలు రెండు భాగాలు. అప్పటికీ తేలకపోతే ఎంత దారుణంగా ఉంటుందో మాకు బాగా తెలుసు. 2022 క్వార్టర్ ఫైనల్, తులూజ్‌తో 24-24, ఎక్స్‌ట్రా టైం అయినా అదే స్కోరు. చివరికి పోస్టుల మధ్యకి బంతి తన్నే పోటీ పెట్టారు, 4-2తో పోయాం. అది కూడా మన 'ఇంటి' మ్యాచే, కాకపోతే ఆ వారం థామండ్ పార్క్‌లో సంగీత కచేరీ ఉందని డబ్లిన్‌లో ఆడాల్సొచ్చింది. నవ్వకు, ఇప్పటికీ నొప్పిగానే ఉంది.

ఓగారా 2013లో ఆట మానేశాక పారిస్‌లో రేసింగ్ దగ్గర కోచింగ్ మొదలుపెట్టాడు, తర్వాత న్యూజిలాండ్‌లో క్రూసేడర్స్, 2019లో లా రోషెల్. అప్పటిదాకా ఆ క్లబ్ పెద్ద కప్పు ముఖం చూసింది లేదు. ఆయన వచ్చాక 2022లో, 2023లో వరసగా రెండు.

కొలతల సంగతి తాతగారు చెప్పాలి.

టచ్‌లైన్ తాత | మార్చి 25

పిలిచారు కాబట్టి చెబుతున్నా, పొడుగైతే మీదే పాపం.

గ్రౌండ్ కొలతలు ఒకటే బాబూ, చెవులకి తగిలేది ఒకటి కాదు. థామండ్ పార్క్‌లో ఎవరు పెనాల్టీ తన్నుతున్నా, మనవాడైనా పరాయివాడైనా, ఇరవై అయిదు వేలమంది నోరు మూసుకుంటారు. ఎక్కడో చంటిపిల్ల ఏడిస్తే వినిపిస్తుంది. ఆ నిశ్శబ్దానికే చాలామంది కిక్కర్ల కాళ్లు వణికాయి. ఫ్రాన్స్‌లో దానికి తలకిందులు. మనవాడు బంతిని టీ (బంతి నిలబెట్టే చిన్న స్టాండు) మీద పెట్టగానే ఈలలు మొదలవుతాయి, బంతి గాల్లోకి లేచేదాకా ఆగవు. ఈలలకి అలవాటు పడ్డవాడికి నిశ్శబ్దం కష్టం, నిశ్శబ్దంలో పెరిగినవాడికి ఈలలు కష్టం. రిఫరీ కూడా మనిషే, పదహారు వేల గొంతులు ఒక్కసారి 'ముందుకి పాస్!' అన్నట్టు అరిస్తే ఆయన చెయ్యి విజిల్ దగ్గరికి కొంచెం తొందరగా పోతుంది. ఎవరూ ఒప్పుకోరు, కానీ పోతుంది.

లా రోషెల్ గ్రౌండ్ చిన్నది, జనం గీత పక్కనే ఉన్నట్టుంటారు, ఏళ్ల తరబడి ప్రతి ఇంటి మ్యాచ్‌కీ సీట్లన్నీ నిండుతున్నాయి. ప్రతి ఒక్కటీ. టిక్కెట్ దొరికినవాళ్లు అదృష్టవంతులు.

ఇంక నా కథ. 2000 మే నెలలో బోర్డోలో సెమీఫైనల్, ఎదురు తులూజ్. మమ్మల్ని ఎవరూ లెక్కలో వెయ్యలేదు. మేం కూడా పెద్దగా వేసుకోలేదు, నిజం చెప్పాలంటే తిరుగు ప్రయాణం గురించే మాట్లాడుకుంటూ వెళ్లాం. ఆ రోజు కుర్ర ఓగారా మన సగం నుంచి మొదలైన దాడికి చివర్లో తానే ట్రై చేశాడు, అంటే గీత అవతల బంతి నేలకి ఆనించాడు. 31-25. పక్క సీటులో ఉన్న తులూజ్ పెద్దాయన తన స్కార్ఫ్ తీసి నా మెడలో వేశాడు, ఒక్క ముక్క మాట్లాడలేదు. అది ఇప్పటికీ నా దగ్గరుంది. ఆ తర్వాత ఫైనల్లో ట్వికెన్‌హామ్‌లో నార్తాంప్టన్ చేతిలో 9-8, చివర్లో ఆ కుర్రాడి పెనాల్టీ పోస్టు పక్కనుంచి పోయింది. ఒకే నెలలో రెండూ చూశాను.

అందుకని చప్పట్ల విషయంలో నా ఓటు: కొట్టండి. ఆ 9-8 రోజు కూడా మేం కొట్టాం.

నీలి స్కార్ఫ్ | మార్చి 25

మీ ఐర్లండ్ ప్రత్యర్థి లెన్‌స్టర్ వాడిని, తలుపు తట్టకుండా వచ్చేశాను, క్షమించాలి.

లా రోషెల్ గురించి మా కంటే ఎక్కువ తెలిసినవాళ్లు ఈ భూమ్మీద ఎవరూ లేరు. 2022 ఫైనల్, మార్సేలో 24-21, చివరి నిమిషాల్లో ట్రై చేసి లాగేసుకున్నారు. 2023లో మా సొంత డబ్లిన్‌లో ఫైనల్, పన్నెండు నిమిషాలకే మేం 17-0. పక్కనున్న మా వాళ్లు అప్పుడే మెసేజ్‌లు పెట్టడం మొదలుపెట్టారు. అయ్యేటప్పటికి 27-26, వాళ్లవైపు. అంటే అవే టీమ్‌గా వచ్చి, 17 వెనకబడి, మా ఇంట్లో మా కప్పు ఎత్తుకుపోయారు. కాబట్టి మొదటి అరగంటలో మీరు ముందున్నా ఫోన్ ముట్టుకోకండి. ఇది స్నేహపూర్వక సలహా.

ఉత్తర టెర్రస్ | మార్చి 25

లెన్‌స్టర్ వాళ్ల సలహా ఉచితంగా వస్తుంది, గెలిచే సలహా మాత్రం రాదు.

నీలి స్కార్ఫ్ | మార్చి 25

మా దగ్గర కప్పుకొకటి చొప్పున నాలుగు నక్షత్రాలున్నాయి, మీ దగ్గర రెండు. నేను మాట్లాడటం ఆపుతున్నా.

ఎర్ర జెర్సీ | మార్చి 26

కొట్టుకోకండయ్యా. దారి సంగతి చెప్పండి ముందు. పారిస్ దాకా విమానం, మోంపర్నాస్ స్టేషన్ నుంచి టీజీవీ (ఫాస్ట్ రైలు) అనుకుంటున్నా. రెండున్నర, మూడు గంటల్లో దించుతుందంటున్నారు. ఎవరైనా వెళ్లినవాళ్లు ఉన్నారా?

లైన్‌అవుట్ అక్క | మార్చి 26

నేను వెళ్లాను, రగ్బీకి కాదు, ఊరు చూడ్డానికి. రైలు దారి మంచిదే, కానీ పారిస్‌లో విమానాశ్రయం నుంచి మోంపర్నాస్‌కి ఊరంతా దాటాలి, మధ్యలో కనీసం మూడు గంటలు ఖాళీ పెట్టుకో. గంటన్నర చాలులే అనుకున్నవాళ్లు ప్లాట్‌ఫారం మీద పరిగెత్తడం నా కళ్లతో చూశా. ఇంకో దారి, నాంత్ లేదా బోర్డోకి విమానం, అక్కణ్ణించి రైలు, లేదా నలుగురు కలిస్తే కారు. నాంత్ దగ్గర. ఓడలో రోస్కోఫ్ దిగి వెళ్దాం అనేవాళ్లకి ఒక మాట, దిగాక ఇంకా నాలుగైదు గంటలు స్టీరింగ్ పట్టుకోవాలి.

దిగిన స్టేషన్ నుంచి పాత రేవు దగ్గరే. రేవు ముఖద్వారంలో రెండు రాతి బురుజులు ఎదురెదురుగా ఉంటాయి, తప్పిపోతే అక్కడ కలుసుకుందాం, ఎవరైనా కనుక్కోగలరు. అక్కడి నుంచి స్టేడియానికి నడిచి పోవచ్చు. పసుపు నలుపు జెండాలు ఎటు పోతే అటు.

ఇంకోటి, ఫ్రాన్స్ గడియారం మనకంటే గంట ముందు. ప్రతి ట్రిప్‌లోనూ ఒకరు మర్చిపోతారు. ఈసారి అది నువ్వు కాకు.

పదో నంబర్ | మార్చి 26

టైట్ కనెక్షన్ పెట్టుకోకండి, ఇది నా కన్నీటి అనుభవం. 2018 ఏప్రిల్, బోర్డోలో సెమీఫైనల్, రేసింగ్ మీద. మా విమానం గంట లేటు, తర్వాత రెండు గంటలు, తర్వాత ఏ వివరమూ లేకుండా బోర్డు మీంచి పేరే మాయం. ఏ సంస్థో చెప్పను, చెప్పి ఏం లాభం. ఇంకో విమానంలో ఇంకో ఊరికి, అక్కణ్ణించి నలుగురం ముక్కూ మొహం తెలియనివాళ్లం ఒక కారు అద్దెకి తీసుకుని పడుతూ లేస్తూ వెళ్లేసరికి మనం 24-3 వెనకబడి ఉన్నాం. సగం టైం. ఎండ మాడిపోతోంది. సెకండ్ హాఫ్‌లో లేచి లేచి 27-22 దాకా వచ్చాం, అదేం లాభం. అంటే నేను అంత డబ్బు పోసి చూసింది మనం గెలిచిన సగం మాత్రమే అన్నమాట. మా నలుగురిలో ఒకతను ఇప్పటికీ అంటాడు, మనం మొదటినుంచీ ఉండుంటే గెలిచేవాళ్లమని. అతనితో వాదించను.

కొత్త బంతి | మార్చి 26

మరి ఈసారి గెలిచే ఛాన్స్ ఎంత? వాళ్ల టీమ్ ఫొటో చూశా, మనుషులా తలుపులా అనిపించింది.

లైన్‌అవుట్ అక్క | మార్చి 27

తలుపులే. ఊయిని అతోనియో, టైట్‌హెడ్ ప్రాప్, నూట నలభై కిలోలు దాటిన మనిషి. విల్ స్కెల్టన్ రెండు మీటర్ల పైన. వాళ్లు ఫిట్‌గా ఉండి ఇద్దరూ దిగితే స్క్రమ్‌లోనూ మాల్‌లోనూ (రెండూ గుంపుగా తోసుకోవడమే) మనం ఒక ఇంటిని తోస్తున్నట్టుంటుంది. వెనకాల ఆల్‌డ్రిట్ ఎనిమిదో నంబర్, రోజంతా బంతి మోస్తాడు, అలసట అనేది ఆ మనిషికి ఎవరూ చెప్పలేదు.

కానీ ఈ సీజన్లో వాళ్ల ఫామ్ బాలేదు, ఫ్రాన్స్ లీగ్ టాప్ 14లో ఈ సంవత్సరం బాగా తడబడుతున్నారు. అంత బరువు మోసేవాళ్లకి ఆట ఆగుతూ ఆగుతూ సాగాలి, ఊపిరి తీసుకోవాలి. మనం చెయ్యాల్సింది ఊపిరి ఇవ్వకపోవడం. బంతి బయటికి తన్నకుండా మైదానంలోనే ఉంచాలి, లైన్‌అవుట్ (బయటికి పోయిన బంతిని లోపలికి విసరడం) త్వరగా వేసెయ్యాలి, పెనాల్టీ వస్తే ట్యాప్ చేసి, అంటే బంతిని కాలితో తాకించి, పరిగెత్తాలి. అన్నిటికంటే ముఖ్యం, మన సగంలో పెనాల్టీలు ఇవ్వకూడదు. ఇచ్చామా, మూలకి తన్నుతారు, లైన్‌అవుట్, మాల్, ట్రై. ఈ నాలుగు పదాలే వాళ్ల పుస్తకం మొత్తం, మిగతా పేజీలు అరుదుగా తెరుస్తారు.

రక్ (నేల మీద బంతి కోసం గుమిగూడే చోటు) దగ్గర మన టైగ్ బీర్న్ రెండు మూడు బంతులు దొంగిలిస్తే చాలు, ఆ జనం గొణగడం మొదలుపెడతారు. ఇంటి జనం గొణుగుడు అవే టీమ్‌కి పదహారో ఆటగాడు.

ఉత్తర టెర్రస్ | మార్చి 27

అక్కా బాగా చెప్పావ్, ఒక్కటి తప్ప. పెనాల్టీ వచ్చిన ప్రతిసారీ ట్యాప్ చేసి పరిగెత్తితే కప్ మ్యాచ్ గెలవం. మూడు పాయింట్లు వస్తుంటే తీసుకోవాలి. కాస్త్ర్‌లో రెండు పాయింట్లతో ఓడాం, నార్తాంప్టన్‌లో రెండు పాయింట్లతో ఓడాం, ఇంకా ఎన్నిసార్లు నేర్చుకోవాలి? మన కిక్కర్ క్రౌలీ చేతికి టీ ఇవ్వండి. ఈలలు వేస్తే వెయ్యనివ్వండి.

టచ్‌లైన్ తాత | మార్చి 27

ఇక్కడ నేను టెర్రస్ వైపు. కాకపోతే సముద్రం పక్క ఊరు, గాలి చూసుకుని నిర్ణయించుకోవాలి. ఏ సగంలో గాలి మనవైపు ఉంటుందో టాస్ దగ్గరే సగం మ్యాచ్ తెలుస్తుంది.

పదో నంబర్ | మార్చి 28

మనవాళ్లు ఫ్రాన్స్‌లో గెలవలేరు అనుకునే కొత్తవాళ్ల కోసం. 2020 డిసెంబరు, క్లెర్మాన్, 28-9 వెనక. గెలిచింది మనం, 39-31. స్టేడియంలో జనం లేని కోవిడ్ రోజులని ఎవరైనా గుర్తుచేస్తారు, చెయ్యండి. 2024 జనవరి, టూలాన్, వాళ్ల మాయోల్ స్టేడియంలో 29-18. అప్పుడు జనం నిండా ఉన్నారు.

ఎర్ర జెర్సీ | మార్చి 28

నాకెప్పుడూ ముందు గుర్తొచ్చేది ఇంకొకటి. 2016 అక్టోబరు, పారిస్. రేసింగ్‌తో మ్యాచ్ చూద్దామని వెళ్లాం. ఆదివారం పొద్దున హోటల్‌లో ఆంథొనీ ఫోలీ చనిపోయారని తెలిసింది. మన కోచ్, 2006లో కప్పు ఎత్తిన కెప్టెన్, 42 ఏళ్లు. మ్యాచ్ వాయిదా. ఎర్ర స్కార్ఫులతో జనం స్టేడియం గేటు ముందు ఊరికే నిలబడిపోయారు, లోపలికి పోయేదేం లేదు, వెనక్కి పోవాలనీ లేదు. పాడటం మొదలుపెట్టారు. రేసింగ్ అభిమానులు కూడా వచ్చి నిలబడ్డారు. జనవరిలో మళ్లీ ఆ మ్యాచ్ పెట్టారు, 32-7తో గెలిచాం, నేను వెళ్లలేకపోయాను.

ఓగారా, ఫోలీ ఎన్నేళ్లు కలిసి ఆడారో మీకు తెలుసు. చప్పట్ల ప్రశ్న నేనే మొదలుపెట్టాను కానీ ఇది రాస్తుంటే జవాబు దొరికినట్టే ఉంది. నేను కొడుతున్నా.

ఉత్తర టెర్రస్ | మార్చి 28

ఇలా రాస్తే ఎలా అన్నా. సరే, ఒక్కసారి. చిన్నగా.

కొత్త బంతి | మార్చి 30

నిన్న కాజిల్‌బార్‌లో కన్నాక్ట్ మీద గెలిచాం కదా! నేను మొదటిసారి టీవీలో పూర్తి మ్యాచ్ రూల్స్ అర్థమయ్యి చూశాను, ఆఫ్‌సైడ్ తప్ప. ఇది శనివారానికి మంచి శకునమేనా?

లైన్‌అవుట్ అక్క | మార్చి 30

ఆఫ్‌సైడ్ మాకూ అర్థం కాదు, ధైర్యంగా అరుస్తాం అంతే. అవును, బయట గెలిచి వెళ్లడం మంచిదే. దెబ్బలు ఎవరికీ పెద్దవి తగలకుండా ఉంటే చాలు.

ఎర్ర జెర్సీ | మార్చి 31

టెన్షన్ మీద టెన్షన్. మా బావ హ్యాండిచ్చాడు, ఆఫీసు పనట. ఒక టిక్కెట్ మిగిలింది. కొన్న ధరకే ఇస్తా, రూపాయి లాభం అక్కర్లేదు అనేవాణ్ణే, కానీ యూరోల్లో కొన్నా. మన జనంలో ఎవరికి కావాలి? తాతగారూ, మీరు వస్తారా?

టచ్‌లైన్ తాత | మార్చి 31

మోకాలు ఒప్పుకోదు బాబూ, ఆ స్టేడియం మెట్లు ఎక్కగలను, దిగడం నా వల్ల కాదు. నేను ఇంట్లో ఆ తులూజ్ స్కార్ఫ్ పక్కన పెట్టుకుని చూస్తా. కుర్రాళ్లకి ఇవ్వు.

కొత్త బంతి | మార్చి 31

నాకు రావాలనే ఉంది, శనివారం డ్యూటీ ఉంది, మార్చుకోవడానికి ఎవరూ దొరకలేదు 😭

నీలి స్కార్ఫ్ | మార్చి 31

నాకివ్వండి.

ఉత్తర టెర్రస్ | మార్చి 31

ఏంటి?

నీలి స్కార్ఫ్ | మార్చి 31

నవ్వకండి. మా మ్యాచ్ కూడా అదే రోజు డబ్లిన్‌లో ఉంది, నా సీజన్ టిక్కెట్ మా అన్నయ్యకి ఇచ్చేస్తా. రెండు ఫైనల్స్ వాళ్ల చేతిలో ఓడటం గ్యాలరీలో కూర్చుని చూశాను. వాళ్లు ఓడటం ఒక్కసారి కూడా నేరుగా చూడలేదు. ఎవరు ఓడిస్తారన్నది నాకు ముఖ్యం కాదు. మీరైనా సరే.

పదో నంబర్ | మార్చి 31

ఇంత నిజాయతీ లెన్‌స్టర్ వాళ్ల నుంచి ఎప్పుడూ చూడలేదు. నేనైతే ఇస్తాను.

ఎర్ర జెర్సీ | ఏప్రిల్ 1

ఏప్రిల్ ఒకటో తారీకు కదా, ఇదేమన్నా జోకా? కాకపోతే షరతులు. ఎరుపు వేసుకోవాలి. మన వాళ్లు పాడేటప్పుడు నోరు కదపాలి. నాలుగు నక్షత్రాల ప్రస్తావన రాకూడదు, వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ.

నీలి స్కార్ఫ్ | ఏప్రిల్ 1

జోకు కాదు. ఎరుపు కోటు వేసుకుంటా, లోపల సాక్సులు మాత్రం నీలివే. పాట నోరు కదుపుతా, గొంతు రాదు. మూడోది కష్టం, ప్రయత్నిస్తా.

ఓగారాకి చప్పట్లు మాత్రం నేను కొట్టను. 2023 ఇంకా మానలేదు.

ఉత్తర టెర్రస్ | ఏప్రిల్ 1

ఈ మనిషి నాకు నచ్చుతున్నాడు. నా పక్కన కూర్చోబెట్టు.

లైన్‌అవుట్ అక్క | ఏప్రిల్ 3

రేపు పొద్దున బయల్దేరేవాళ్లు, పాస్‌పోర్టు ఇప్పుడే లేచి బ్యాగులో పెట్టుకోండి, చదవడం తర్వాత. ఫోన్ చార్జర్‌కి ఫ్రాన్స్ ప్లగ్ వేరు. వాన కోటు కూడా, సముద్రపు గాలిని నమ్మకండి. శనివారం మధ్యాహ్నం రేవు దగ్గర బురుజుల ముందు కలుద్దాం. ఫ్రాన్స్ టైం!

ఎర్ర జెర్సీ | ఏప్రిల్ 4

మోంపర్నాస్‌లో ఉన్నా. మూడు గంటల ఖాళీ పెట్టుకున్నందుకు అక్కకి దండం, ఊరు దాటేసరికి రెండు గంటలు మింగేసింది. నీలి స్కార్ఫ్ నా ఎదురుగానే కూర్చున్నాడు, కోటు నిజంగానే ఎర్రగా ఉంది, సాక్సులు కూడా చూపించాడు. ప్లాట్‌ఫారం మీద పసుపు నలుపు టోపీ పెట్టుకున్న ఒకాయన మా స్కార్ఫులు చూసి నవ్వి, వేళ్లతో ఏదో స్కోరు చూపించాడు. రెండో చేతికి వచ్చేసరికి లెక్క తప్పాను, మనవైపు ఎక్కువో వాళ్లవైపు ఎక్కువో అర్థం కాలేదు. రైలు పిలుస్తున్నారు.

టచ్‌లైన్ తాత | ఏప్రిల్ 4

గాలి ఎటు ఉందో దిగగానే చెప్పు.